కడాబ్రా బదిలీ

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు, బోద్రీలో ఖాళీ స్థలాలన్నిటా ఎర్రటి పురుగులు బయటికొస్తాయి. మీరూ చూసే ఉంటారు. ముఖమల్ గుడ్డ కత్తిరించి కుట్టినట్టుంటాయి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని ముద్దయిపోతాయి. ఇక్కడివాళ్ళు వాటిని రానీ కీడా అంటారు. మన వైపు ఆరుద్ర పురుగులు.

చిన్నప్పుడు మేము వాటిని అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం. అడుగున నాలుగు గడ్డిపరకలు, మూతకి గుండుసూదితో చిల్లులు. సాయంత్రం దీపాలు పెట్టేలోగా మళ్ళీ నేల మీద వదిలెయ్యాలని అమ్మ రూలు. అందుకని మధ్యాహ్నమంతా లెక్కలే. ఎవరి పెట్టెలో ఎన్ని, ఎవరిది పెద్దది, ఎవరిది బాగా నడుస్తుంది. తుమ్మచెట్టు మీద దొరికే బంగారు పురుగు ఒకటి కావాలంటే ఆరు ఆరుద్ర పురుగులు ఇవ్వాలి. అది మా వీధిలో మారకం రేటు.

మేమంటే అక్కాతమ్ముళ్ళం. మాలో పెద్దది మీ తెలుగు టీచరు. చిన్నవాడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇద్దరి పేరు మీదా ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నామో ముందుకెళ్తే తెలుస్తుంది. నాన్న రైల్వే ఉద్యోగి. రాయగడ, ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, మళ్ళీ రాయగడ. అప్పట్లో ఇవన్నీ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి, బిలాస్‌పూర్ కూడా. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వేరుపడింది. నాన్నకి బిలాస్‌పూర్ వేస్తారని ఇంట్లో ఒక ఏడాది పాటు మాట నడిచింది. అమ్మ సామాను కట్టడానికి గోనెసంచులు కూడా సిద్ధం చేసింది. వెయ్యలేదు. ఇన్నేళ్ళకి, సిల్చర్ నుంచీ జైసల్మేర్ నుంచీ తిరిగి తిరిగి వచ్చాక, ఆయన కూతురికి వేశారు.

పురుగుల దగ్గర ఎందుకు మొదలుపెట్టామంటే, మేము చెప్పబోయే ఆట కూడా పురుగుల దగ్గరే మొదలైంది.

టోక్యో శివార్లలో మాచిదా అని ఒక ఊరు. 1965లో పుట్టిన సతోషి తజిరి అక్కడ పెరిగాడు. పొలాల్లో, చెరువు గట్ల మీద పురుగులు పట్టడం అతని పిచ్చి. తోటి పిల్లలు పురుగుల డాక్టరని పేరు పెట్టారు. అతను పెరుగుతుండగానే ఊరూ పెరిగింది. చెరువులు పూడ్చారు, పొలాల్లో ఇళ్ళూ వీడియో గేమ్ దుకాణాలూ వచ్చాయి. పురుగులు పోయాయి. కుర్రాడు ఆ దుకాణాల్లోకే వెళ్ళి ఆటలు మరిగాడు. తర్వాత స్నేహితులతో కలిసి గేమ్ ఫ్రీక్ అని ఆటల మీద ఒక చిన్న పత్రిక నడిపి, దాన్నే కంపెనీ చేశాడు.

1989లో నింటెండో కంపెనీ గేమ్ బాయ్ అనే చేతిలో పట్టే యంత్రాన్ని తెచ్చింది. రెండు గేమ్ బాయ్‌లని కలపడానికి ఒక తీగ ఉండేది. దానితో పిల్లలు ఎక్కువగా ఒకరినొకరు ఓడించుకునేవాళ్ళు. తజిరికి మాత్రం ఆ తీగ మీద పురుగు పాకుతూ ఇటునుంచి అటు వెళ్తున్నట్టు తోచింది. ఓడించడానికి కాకుండా ఇచ్చిపుచ్చుకోడానికి ఆ తీగని వాడితే? ఆ ఊహని ఆటగా మార్చడానికి ఆరేళ్ళు పట్టింది. 1996 ఫిబ్రవరి 27న పోకెమాన్ రెడ్, గ్రీన్ అనే రెండు ఆటలు జపాన్‌లో విడుదలయ్యాయి. పాకెట్ మాన్‌స్టర్స్ అన్న మాటలని కుదించి పోకెమాన్ అన్నారు. జేబులో పెట్టుకునే భూతాలు. అగ్గిపెట్టెలో పురుగుల లాంటివే. అప్పటికి గేమ్ బాయ్ పాతబడిపోయిన సరుకు. ఏడేళ్ళ కిందటి యంత్రం మీద కొత్త ఆటేమిటని చాలామంది అనుకున్నారట.

మీలో పోకెమాన్ తెలియనివాళ్ళు ఉండరు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చిన బొమ్మల సీరియల్ చూసినవాళ్ళు ఇప్పుడు మీ బాబాయిలూ పిన్నులూ అయ్యారు. వాళ్ళని అడగండి, చిప్స్ ప్యాకెట్లలో వచ్చే గుండ్రటి టాజోల కోసం ఎన్ని ప్యాకెట్లు కొన్నారో చెబుతారు. 2016 డిసెంబరులో ఫోన్లో ఆడే పోకెమాన్ గో మన దేశానికి వచ్చింది. దాన్ని పట్టుకుని రోడ్ల మీద తిరిగినవాళ్ళనీ మీరు చూసి ఉంటారు. మేము చెప్పేది వీటన్నిటికీ తాత లాంటి ఆట. పచ్చటి తెర మీద నల్లటి గీతల బొమ్మలు. మాట ఉండదు, పాట ఉంటుంది. ఒక కుర్రాడు ఊరూరా తిరుగుతూ 150 రకాల జీవులని పట్టాలి, పెంచాలి. రహస్యంగా ఇంకొకటి ఉంది, దాన్ని కలిపితే 151.

ఈ ఆటలో ఒక కిటుకుంది. ఒక్కడివే కూర్చుని ఎన్నేళ్ళాడినా 150 పూర్తి కావు. రెడ్‌లో దొరికేవి కొన్ని రెండో దాంట్లో దొరకవు, అందులో ఉండేవి ఇందులో ఉండవు. అమెరికాలో రెడ్, బ్లూ అని అమ్మారు. రెడ్‌లో ఈకన్స్ అనే పాము ఉంటుంది. అది కావాలంటే బ్లూ ఆడేవాడు ఇంకొకరిని అడగాలి. మొదట్లో మూడు జీవుల్ని చూపించి ఒకటి ఏరుకోమంటారు. మిగతా రెండూ మళ్ళీ దొరకవు. అవి ఇంకెవరి దగ్గరో ఉంటాయి. అన్నిటికంటే విచిత్రం, నాలుగు జీవులున్నాయి. వాటిని ఎంత పెంచినా చివరి రూపానికి రావు. ఒకరి యంత్రంలోంచి ఇంకొకరి యంత్రంలోకి వెళ్ళినప్పుడే, ఆ దారిలోనే, మారతాయి. ఆ నాలుగింట్లో ఒకటి కడాబ్రా. బదిలీ అయితే అలకజామ్ అవుతుంది. గారడీవాళ్ళ మంత్రం ముక్కలు చేసి మూడు జీవులకి పేర్లు పెట్టారన్నమాట. అబ్రా, కడాబ్రా, అలకజామ్. మన గారడీవాడైతే హాంఫట్ అంటాడు.

మాకీ ఆట 2000 ఎండాకాలంలో దొరికింది. అమెరికా నుంచి వచ్చిన పెద్దమ్మగారబ్బాయి కొత్త యంత్రం కొనుక్కున్నాడు కాబట్టి పాతది మాకిచ్చి వెళ్ళాడు. ఇటుకంత గేమ్ బాయ్, రెడ్ ఆట ఉన్న క్యాసెట్టు. మేము దాన్ని క్యాసెట్టనే అనేవాళ్ళం. తీగ రాలేదు. తీగ ఉన్నా లాభమేముంది, రెండో చివర ఎవరున్నారు? రాయగడలో ఇంకో గేమ్ బాయ్ ఎక్కడా ఉన్నట్టు మాకు తెలియదు.

నాలుగు పెన్సిల్ సెల్లులు పడతాయి దానికి. నెలకి నాలుగే కొంటానని నాన్న ముందే చెప్పేశాడు. తెరకి లోపల దీపం లేదు. వెలుతురు మీద పడితేనే కనబడుతుంది. రైల్లో వెళ్తుంటే పగలు కిటికీ పక్క సీటు కోసం, రాత్రి బెర్తు దీపం కోసం తగువులు పడేవాళ్ళం. అన్నిటికంటే పెద్ద తగువు ఇంకొకటుంది. ఆ క్యాసెట్టులో ఒక్కరి ఆటే దాగుతుంది. రెండోవాళ్ళు కొత్తగా మొదలుపెట్టి దాచుకుంటే మొదటివాళ్ళది పోతుంది. మూడు రోజులు మాటలు లేవు. నాలుగో రోజు అమ్మ తీర్పు చెప్పింది, ఇద్దరూ కలిసి ఒక్కటే ఆడండర్రా అని. ఆటగాడికి ఏడక్షరాల పేరు పెట్టుకోవచ్చు. ఇద్దరి పేర్లలోంచి చెరి మూడు ఇంగ్లీషు అక్షరాలు తీసి కలిపాం. ఒకరు బటన్లు నొక్కుతారు, ఒకరు నిఘంటువు చూసి అర్థం చెబుతారు. పెద్దదానికి ఒక్కటే కష్టంగా ఉండేది. ఆ ఆటలో ఆటగాడు అబ్బాయే కావాలి, అమ్మాయి లేదు. తర్వాత క్రిస్టల్ అనే ఆటలో గానీ ఆ ఏర్పాటు రాలేదు.

అబ్రాని పట్టడం ఒక యజ్ఞం. ఎదురుపడిందంటే రెప్పపాటులో మాయమైపోతుంది. దాని విద్య అదొక్కటే. వచ్చిన మొదటి క్షణంలోనే బంతి విసరాలి. మాకు పదకొండోసారికి చిక్కింది. పదహారో స్థాయిలో కడాబ్రా అయింది. ఆపైన ఎంత పెంచినా కడాబ్రాయే. అరవై దాటించాం. ఊళ్ళు మారాం, బళ్ళు మారాం, అది మారలేదు. మారడానికి ఇంకొకరు కావాలని తెలిసి కూడా పెంచుతూనే ఉన్నాం, ఎప్పటికైనా ఎవరో ఒకరు తీగ పట్టుకుని ఎదురవుతారని.

ఎదురవలేదు. పెద్దది కాలేజీకి, చిన్నవాడు హాస్టల్‌కి వెళ్ళిపోయారు. గేమ్ బాయ్ ఇనప్పెట్టెలోకి వెళ్ళింది. నాన్న రిటైరై విజయనగరంలో ఇల్లు సర్దుకుంటున్నప్పుడు బయటికి తీశాం. కొత్త సెల్లులు వేస్తే తెర వెలిగింది, పాట వచ్చింది. లోపలికి వెళ్తే కంటిన్యూ అన్న మాట లేదు. న్యూ గేమ్ అని మాత్రం ఉంది.

కారణం చిన్నదే. ఆట మొత్తం చెరగని చిప్పులో ఉంటుంది, అది వందేళ్ళైనా అలాగే ఉండొచ్చు. మనం ఎంతవరకు ఆడామన్నది మాత్రం వేరే చిప్పులో ఉంటుంది. దానికి ఎప్పుడూ కాస్త కరెంటు అందుతూ ఉండాలి. అందుకోసం క్యాసెట్టు లోపల గడియారంలో వేసేలాంటి బిళ్ళ సెల్లు ఒకటి అతికించి పెట్టారు. దాని ఆయుష్షు పదేళ్ళు, బాగుంటే పదిహేనో ఇరవయ్యో. అది చల్లారిన రోజున మా ఆరక్షరాల పేరూ పోయింది, కడాబ్రా కూడా పోయింది. ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ తెలియదు. ఇనప్పెట్టెలో, చీకట్లో.

ఇక కొత్త యంత్రం సంగతి. నింటెండో 2011లో 3డీఎస్ అని మడిచి జేబులో పెట్టుకునే యంత్రం తెచ్చింది. పోకెమాన్‌కి ఇరవై ఏళ్ళు నిండిన రోజున, అంటే 2016 ఫిబ్రవరి 27న, రెడ్, బ్లూ, యెల్లో ఆటలని దాని మీద మళ్ళీ విడుదల చేశారు. ఉన్నదున్నట్టు. అవే గీతల బొమ్మలు, అదే పాట, అవే లోపాలు. మార్చింది ముఖ్యంగా ఒక్కటే. తీగ అక్కర్లేదు. రెండు యంత్రాలు దగ్గరగా ఉంటే గాల్లోనే కలుసుకుంటాయి. ఆ ఏడాది మాలో చిన్నవాడు కంపెనీ పని మీద అమెరికాలో ఉన్నాడు. ఒక యంత్రం కొని అందులో రెడ్ వేశాడు. ఇంకొకటి పాతది చవగ్గా దొరికితే తీసుకుని బ్లూ వేశాడు. 2023 మార్చిలో నింటెండో ఆ యంత్రం దుకాణాన్ని మూసేసింది. ఇప్పుడు కొత్తగా కొనాలన్నా ఆ ఆటలు అక్కడ దొరకవు. రెండో యంత్రం ఏడేళ్ళకి పైగా అతని బీరువాలో పెట్టెలోనే ఉంది. మేము ఒకచోట నాలుగు రోజులు ఉండటం పడలేదు. ఒకరికి సెలవుంటే ఇంకొకరికి ఉండదు. ఇది మీకు చెప్పాలా?

పోయిన దసరాకి పడింది. చిన్నవాడు విజయనగరంలో అమ్మానాన్నలని చూసి, విశాఖపట్నం - కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. ఆ బండి పార్వతీపురం దాటాక రాయగడ మీదుగా వస్తుంది. అర్ధరాత్రి రాయగడ ప్లాట్‌ఫారం ఫోటో తీసి పంపాడు, కింద ఏమీ రాయకుండా. బిలాస్‌పూర్‌లో దిగి, హైకోర్టు దాటి బోద్రీలో మా ఇంటికి వచ్చేసరికి చేతిలో అరిసెల డబ్బా, సంచిలో రెండు యంత్రాలు.

"అప్పా, ఇదిగో నీది" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

మొదటిసారి మేము విడివిడిగా పేర్లు పెట్టుకున్నాం. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి. ఏడక్షరాల్లో సొంత పేరు పూర్తిగా పట్టింది.

పెద్దయ్యాక ఆడితే కొన్ని కొత్తగా కనిపిస్తాయి. ఆ కుర్రాడి ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, నాన్న ఎక్కడా కనబడడు. చిన్నప్పుడు అది మా కంటికే ఆనలేదు, నాన్న లైన్ డ్యూటీలో ఉన్నాడనుకున్నామేమో. అబ్బాయిలన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు విడవాల్సిందే అన్నట్టు మాట్లాడి పంపించేస్తుంది ఆ తల్లి. తిరిగొస్తే కాసేపు పడుకోమంటుంది. అంతకుమించి ఏమీ అడగదు. మా అమ్మకి చూపిస్తే, అన్నం తిన్నావా అని అడగదేం అంది.

ఆ ఆట రూల్సు మళ్ళీ చదువుతుంటే ఇది బదిలీ ఉద్యోగుల పిల్లలెవరో రాసినట్టుందని మాకనిపించింది. మారకంలో వచ్చిన జీవికి దాని మొదటి యజమాని పేరూ, ఒక నంబరూ ఎప్పటికీ అంటుకునే ఉంటాయి. ఎన్ని చేతులు మారినా అది చెరగదు. మీ టీసీలు చూసుకోండి. పేరు కూడా అంతే. లావెండర్ టౌన్ అనే ఊళ్ళో ఒక పెద్దాయన ఉంటాడు. మన జీవికి పేరు మార్చమంటే మారుస్తాడు. ఇంకొకరు పెట్టిన పేరుతో వచ్చినదాన్ని తీసుకెళ్తే, పేరు భేషుగ్గా ఉందంటాడు తప్ప చెయ్యి వెయ్యడు. ఆ ఆటలోనే ఒకాయన పిట్టని ఇచ్చి బాతుని తీసుకోమంటాడు. ఆ బాతు డక్స్ అన్న పేరుతోనే వస్తుంది, ఆ పేరుతోనే ఉంటుంది.

ఇక్కడ మాత్రం ఆట మనకంటే మెరుగు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వింధ్య దాటితే ఎవరికీ అర్థం కాదు. ఒక ఊళ్ళో మాలో చిన్నవాణ్ణి రెండేళ్ళ పాటు ఇంటిపేరుతోనే పిలిచారు. అదే వాడి పేరనుకున్నారు. హాజరుపట్టీలో అదే ముందుంది మరి. మొదట్లో వాడు పలికేవాడు కాదు, ఎవరినో పిలుస్తున్నారనుకునేవాడు. తర్వాత పలకడం అలవాటైంది. ఆ ఊరు వదిలేటప్పుడు స్నేహితులు ఇచ్చిన గ్రీటింగు కార్డు మీద కూడా ఇంటిపేరే ఉంది.

ఇంకో రూలు. మారకంలో వచ్చిన జీవి, సొంతవాటికంటే ఒకటిన్నర రెట్లు వేగంగా నేర్చుకుంటుంది. తర్వాత వచ్చిన ఆటల్లో ఇంకో భాష ఆడే దేశం నుంచి వచ్చినదైతే 1.7 రెట్లు. పిల్లలు ఒకరితో ఒకరు మార్చుకోవాలన్న ఆశతో పెట్టిన రూలే అయినా, వినగానే బాగుంటుంది. బదిలీ పిల్లలు చురుకని అందరూ అంటారు, నాలుగు భాషలు వచ్చని మెచ్చుకుంటారు. మేము దాన్ని సగమే ఒప్పుకుంటాం. తరగతిలో చూస్తున్నదాన్ని బట్టి చెబుతున్నాం, కొత్తగా చేరినవాళ్ళలో కొందరు నిజంగానే నెల తిరక్కుండా గుణింతాలు దాటేస్తారు. కొందరు ఏడాదంతా కిటికీ పక్కన కూర్చుని నోరు విప్పరు. చిన్నవాడు చక్రధర్‌పూర్‌లో ఆరు నెలలు బళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి గేమ్ బాయ్ తీసేవాడు. ఆటలో ఆ జీవికి వెళ్ళడం ఇష్టమేనా అని ఎవరూ అడగరు. అది కూడా మన దగ్గరున్నట్టే.

మూడోది మాకు బాగా నచ్చిన రూలు. మారకంలో వచ్చినది స్థాయిలో పెద్దదైతే మన మాట వినదు. ఆటలో ఊరికో గురువు ఉంటాడు, గెలిస్తే బిళ్ళ ఇస్తాడు. రెండో బిళ్ళ క్యాస్కేడ్ బ్యాడ్జి. అది ఉంటే 30వ స్థాయి దాకా వింటాయి. నాలుగోది రెయిన్‌బో బ్యాడ్జి. అది వస్తే 50 దాకా. లేకపోతే పోరు మధ్యలో కునుకు తీస్తాయి, అటు తిరిగి నిలబడతాయి, మనం ఒకటి చెబితే ఇంకోటి చేస్తాయి. కొత్త ఊళ్ళో మొదటి నెల తొమ్మిదో తరగతికి తెలుగు పాఠం చెప్పిన ఎవరికైనా ఇది తెలుసు. పేరు రాయం.

మార్పిడి రోజున మేడ మీద ఉండే ఆరో తరగతి పాప కిందకి వచ్చింది. వాళ్ళ నాన్నకి అప్పటికే ఆర్డరు వచ్చేసింది, అర్ధ సంవత్సరం పరీక్షలు కాగానే వెళ్ళిపోవాలి. మేము మంచం మీద ఎదురెదురుగా కూర్చున్నాం, పాప మధ్యలో.

"ఇచ్చేస్తే మీ దగ్గర ఇంక ఉండదా టీచర్?"

ఉండదు. ఈ ఆటలో నకలు లేదు. ఇటు పోతేనే అటు వస్తుంది.

"మరి ఏం మిగులుతుంది?"

మేము ఆ యంత్రంలో పోకెడెక్స్ అనే పట్టిక తెరిచి చూపించాం. ఒకసారి మన చేతిలో ఉన్న ప్రతి జీవి పేరు పక్కనా చిన్న బంతి గుర్తు పడుతుంది. ఇచ్చేసినా ఆ గుర్తు పోదు. పేరు నొక్కితే బొమ్మ, ఎత్తు, బరువు, దాని గురించి రెండు మాటలు. పాప దాన్ని కిందికీ పైకీ జరిపి చూసింది.

"అంతేనా?" అంది.

అంతే.

ఆటలో మార్పిడికి ఒక గది ఉంది. కౌంటరు దగ్గర నిలబడే అమ్మాయిని అడిగితే, ముందు మన ఆటని భద్రం చేసుకోమని, తర్వాత లోపలికి పంపుతుంది. లోపల ఒక బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. ఆ గది రాయగడలో మేము చూడలేదు. రెండో మనిషి లేనిదే అందులోకి వెళ్ళనివ్వరు. ఇప్పుడు వెళ్ళాం. బల్లకి ఇటు ఒకరం, అటు ఒకరం. ఒక్క పేరుతో ఆడుతున్నన్నాళ్ళూ ఆ కుర్చీల్లో ఒకటి ఖాళీగానే ఉండేది. చిన్నవాడు దాన్ని తేలిగ్గా అన్నాడు, "చూశావా అప్పా, మనం కొట్టుకుని విడిపోయి ఉంటే అప్పుడే పనయ్యేది." విడిపోయినా కుదిరేది కాదు, యంత్రం ఒక్కటేగా. అయినా ఆ మాట కాసేపు మంచం మీద అలాగే ఉంది.

ముందు ఈకన్స్ ఇచ్చి శాండ్‌ష్రూ తీసుకున్నాం, చెయ్యి తిరగడానికి. తర్వాత కడాబ్రాలు. రెండు యంత్రాల్లోనూ ఒకటి ఉంది. చిన్నవాడిది 36వ స్థాయి, రైల్లో నిద్రపోకుండా పెంచుకొచ్చాడు. పెద్దదానిది 19. తెర మీద తీగ బొమ్మ వచ్చింది. యంత్రాల మధ్య తీగే లేదు, అయినా ఆటలో తీగ బొమ్మ అలాగే ఉంచారు. దాని వెంట ఒక గుండ్రటిది మెల్లగా జరుగుతూ ఇటునుంచి వెళ్ళింది, ఇంకొకటి అటునుంచి వచ్చింది. తజిరి చూసిన పురుగు ఇదే కాబోలు. తర్వాత తెర మినుకుమినుకుమంది, బొమ్మ అటూ ఇటూ మారింది, రెండు చేతుల్లో రెండు చెంచాలతో మీసాల అలకజామ్ నిలబడింది. పాప చప్పట్లు కొట్టింది. మేము కొట్టలేదు. చిన్నవాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అలవాటు ప్రకారం అయితే వెంటనే మళ్ళీ మార్చేసుకోవాలి. అందరూ చేసేది అదే. పని అయిపోయింది కాబట్టి ఎవరిది వాళ్ళు వెనక్కి తీసుకుంటారు, అలకజామ్ అలకజామ్‌గానే తిరిగొస్తుంది. చిన్నవాడి బొటనవేలు బటన్ మీద ఉంది. "మార్చేద్దామా?" అన్నాడు. ఇద్దరం ఒకరి యంత్రంలోకి ఒకరం తొంగి చూశాం. అలకజామ్ వివరాల్లో కింద మొదటి యజమాని పేరు దగ్గర, పెద్దదాని యంత్రంలో చిన్నవాడి పేరూ, చిన్నవాడి యంత్రంలో పెద్దదాని పేరూ ఉన్నాయి. వద్దనుకున్నాం. ఎవరు ముందన్నారో గుర్తులేదు.

క్యాసెట్టులాంటి బిళ్ళ సెల్లు గొడవ ఇందులో లేదు. ఆట జ్ఞాపకం కార్డులో ఉంటుంది, కరెంటు లేకపోయినా నిలుస్తుంది. అయినా ఆరునెలలకోసారి ఛార్జి చేసి తెరిచి చూడమని చిన్నవాడు కాగితం మీద రాసి డబ్బాకి అతికించాడు.

పాప వాళ్ళు డిసెంబరులో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రోజు వచ్చి, బ్లూ యంత్రంలో దొరికిన ఒక మామూలు పిట్టకి తన పేరు పెట్టమని అడిగింది. పెట్టాం. ఇంకెవరికైనా ఇచ్చేస్తే కూడా పేరు ఉంటుందా అని రెండుసార్లు అడిగి వెళ్ళింది. ఉంటుంది.

హైదరాబాదు నుంచి వారానికోసారి ఫోటో వస్తుంది. పెద్దదాని అలకజామ్ అక్కడ ఒకటిన్నర రెట్ల వేగంతో పెరిగి 44కి వచ్చిందట, మంచి మాట వింటుందట, చెప్పినట్టు చేస్తుందట. ఇక్కడున్న చిన్నవాడిది ఇంకా 36 దగ్గరే ఉంది. పరీక్ష పేపర్లు దిద్దడంలో రెయిన్‌బో బ్యాడ్జి దాకా వెళ్ళడం పడలేదు. ఏం చెప్పినా అటు తిరిగి నిలబడుతోంది. నిన్న పోరు మధ్యలో పడుకుంది.